పాత సర్వర్‌కి సెలవు
మొత్తానికి ఆఫీస్ సర్వర్ సాంబా (విండోస్ సర్వర్ చేసే ఫైల్ షేరింగ్ లాంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) మీదకి మార్చేశాం. పాత విండోస్ దాంట్లో అయితే సర్వర్‌కో లైసెన్స్, మళ్ళీ దానికి కనెక్ట్ అయ్యే ఒక్కో మనిషికి ఇంకోటి, ఎవరైనా కొత్తగా చేరితే ముందు ఆ లెక్కే చూసుకోవాలి. 2012లో వచ్చిన సాంబా 4 నుంచి డొమైన్ కంట్రోలర్ (ఆఫీస్‌లో అందరి లాగిన్‌లూ ఒకేచోట చూసుకునే సర్వర్) పని కూడా అదే చేస్తుంది కదా, లాగిన్‌లు కూడా దానికే అప్పజెప్పాం. మా బాస్‌కి ఒకటే భయం, సాంబా లైసెన్స్ జీపీఎల్ కదా, అంటే మనం చేసిన మార్పులన్నీ ఊరందరికీ పంచాలా అని. లేదు సార్, లోపల వాడుకుంటే ఏమీ ఇవ్వక్కర్లేదు, ఆ ప్రోగ్రామ్ బయటివాళ్ళకి ఇస్తేనే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి అన్నా. మార్చిన రోజు మాత్రం చుక్కలు కనిపించాయి, ఒక్కరికీ లాగిన్ అవ్వలేదు, అర్ధరాత్రి దాకా పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తూ కూర్చున్నా, చివరికి చూస్తే సర్వర్ టైమ్ ఆరు నిమిషాలు వెనక! తేడా ఐదు నిమిషాలు దాటితే, లాగిన్‌లు సరిచూసే కెర్బెరాస్ ఒప్పుకోదు మరి.