పెద్దమ్మ మొక్కు, ఈటన్ ప్రశ్న

ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ ఊళ్లోనే ఉన్న దర్గా వైపు వెళ్లరు. సయ్యద్ షా భాజీ ఔలియా అనే ఫకీరు సమాధి అది. మా పెద్దమ్మకు మాత్రం చిన్నప్పటినుంచీ అక్కడికి అలవాటు. కోడలి కాన్పు సుఖంగా జరిగితే పూల చాదర్ కప్పుతానని మొక్కుకుంది. మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. మాఘమాసంలో ఒక గురువారం చూసుకుని నన్ను తోడు రమ్మంది. ముందు దర్గా, తర్వాత భీమేశ్వరుడు, మర్నాడు పిఠాపురంలో పాదగయ, పురుహూతికా అమ్మవారు. ఇదీ ఆవిడ ప్లాన్. దారిలో రాజమండ్రి పాత మసీదు, ధవళేశ్వరం ఆనకట్ట కూడా చూద్దామన్నాను. పిఠాపురంలో సూఫీ పీఠానికి కూడా వెళ్దామన్నాను. "గోదారి తల్లికి దణ్ణం పెట్టుకోవచ్చు, పదవే" అంది.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. విశాఖలో ఎం.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో రిచర్డ్ ఈటన్ అనే అమెరికన్ చరిత్రకారుడి పుస్తకం చేతికొచ్చింది. బీజాపూర్ సూఫీల మీద ఆయన రాసినది, 1978లో అచ్చయింది. అప్పటిదాకా సూఫీలంటే నాకు ఖవ్వాలీ, ప్రేమ, పాదుషాలను లెక్కచేయని ఫకీర్లు, అంతే. ఆయన ఒక్క నగరాన్ని తీసుకుని అందులోని సూఫీలను విడివిడిగా చూపించారు. కత్తి పట్టారని కథలున్నవాళ్లు కొందరు. షరియత్ తప్పకూడదని పట్టుబట్టిన సంస్కర్తలు కొందరు. గ్రంథాలు రాస్తూ కూర్చున్నవాళ్లు ఇంకొందరు. సర్కారు ఇచ్చిన ఇనాం భూములతో వంశపారంపర్యంగా స్థిరపడిన పీర్‌జాదాలు, అంటే పీర్ల వారసులు, ఆ స్థిరపడటమే గిట్టక ఒంటి మీద స్పృహ లేని భక్తిలో తిరిగిన మజ్జూబులు. చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. భక్తుల గురించి ఇంత శ్రద్ధగా, ఇంత నిలదీసి రాయొచ్చా అనిపించింది.

ఈటన్ 1940లో పుట్టారు. 1972లో డాక్టరేట్ తీసుకుని, ఆ ఏడాదే అరిజోనా విశ్వవిద్యాలయంలో చేరారు. తర్వాత దశాబ్దాలపాటు బీజాపూర్ నుంచి పంజాబ్‌కు, అక్కడినుంచి బెంగాల్‌కు, మళ్లీ దక్కన్‌కు ఆయన పని సాగింది. ఊళ్లు మారినా ఆయన అడిగింది ఒకటే అని నా నమ్మకం: ఈ సమాధి దగ్గరకు ఎవరు వస్తున్నారు, వాళ్లు రోజూ ఏం పని చేసుకుని బతుకుతున్నారు? ఆ ప్రశ్న పట్టుకుని మా డెల్టాలో ఒకసారి తిరగాలని నాకు చాలా కాలంగా కోరిక. పెద్దమ్మ మొక్కు దానికి దారి చూపింది.

రాజమండ్రి మసీదు గుమ్మం మీద పారశీక శాసనం ఉంది. 1324 నాటిది. అంతకు ఒక ఏడాది ముందే ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలోనే చనిపోయాడు. దక్కన్ చరిత్రను ఎనిమిది మంది జీవితాలుగా చెప్పిన పుస్తకాన్ని ఈటన్ ఆ ప్రతాపరుద్రుడితోనే మొదలుపెట్టారు. అందులోనే గుల్బర్గా సూఫీ బందేనవాజ్ ఉన్నాడు, మన సర్వాయి పాపడూ ఉన్నాడు. మసీదు ముందు నిలబడినప్పుడు మా కారు నడిపే కుర్రాడు గొంతు తగ్గించి అడిగాడు: "గుడి పడగొట్టి కట్టారంటారు కదా మేడం, నిజమేనా?"

చరిత్ర చెప్పేవాళ్లు ఈ ప్రశ్నను దాటేయకూడదు. ఈటన్ దాటేయలేదు. 1192 నుంచి 1729 వరకు గుళ్లు ధ్వంసమైన ఘటనల్లో గట్టి ఆధారాలున్నవి ఎన్నని వెతికి, 80 అని లెక్క తేల్చారు. వాటిలో ఎక్కువ భాగం ఒక రాజ్యం పడిపోయేటప్పుడు, ఓడిన రాజు అధికారానికి గుర్తుగా నిలిచిన గుళ్ల మీద జరిగాయన్నది ఆయన వాదన. ఈ లెక్కను ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, గట్టిగానే విమర్శించారు. కుర్రాడికి ఇవన్నీ చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఆ శాసనం వేసిన కొన్నేళ్లకే, 1330 ప్రాంతంలో, మన కోనసీమలోనే ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం వచ్చింది. తురకల దండయాత్రతో లోకం చీకటైపోయిందని అందులో సంస్కృతంలో ఏడ్చారు. ఒకే గోదావరి ఒడ్డున, కొద్దేళ్ల తేడాలో, గెలిచినవాళ్ల రాతా ఓడినవాళ్ల రాతా రెండూ దొరుకుతున్నాయి. రెండూ చదవాలి. కుర్రాడు విన్నాడు, ఇంకేం అనలేదు. పెద్దమ్మ రోడ్డు మీదే చెప్పులు విడిచి మసీదుకూ దణ్ణం పెట్టింది.

ధవళేశ్వరం దగ్గర ఎక్కువసేపు ఆగాం. గౌతమి, వశిష్ఠ విడిపోయేది ఇక్కడే. 1833 కరువులో ఈ జిల్లాలో జనం తిండి లేక పోయారు. 1839లో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. తర్వాత ఆర్థర్ కాటన్ వచ్చి 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది. ఇవాళ డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాల్సిందే. ఆయన్ను భగీరథుడని పొగుడుతూ సంకల్పంలో శ్లోకం కలిపి చెప్పే పురోహితులున్నారు. మనవాళ్లు మతం చూడలేదు, దేశం చూడలేదు. నీళ్లిచ్చినవాణ్ణి దేవుడి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ విగ్రహం కింద నిలబడినప్పుడే బెంగాల్ మీద ఈటన్ రాసినది నాకు మనసుకు పట్టింది. 1872లో మొదటి జనాభా లెక్కలు తీసినప్పుడు తూర్పు బెంగాల్ పల్లెల్లో ముస్లింలే ఎక్కువమంది అని తేలి ఆంగ్లేయులు ఆశ్చర్యపోయారు. కత్తి భయంతో మతం మారారనుకుంటే సుల్తానులు కూర్చున్న ఢిల్లీ, ఆగ్రాల చుట్టూ ఎక్కువమంది ఉండాలి. కులం బాధ తప్పించుకోవడానికి మారారనుకుంటే బ్రాహ్మణ వ్యవస్థ బలంగా పాతుకున్న చోట ఎక్కువమంది ఉండాలి. రెండూ కాదు. ఎక్కడో అంచున, అడవీ నీళ్లూ కలిసిన చోట ఉన్నారు. ఎందుకు?

ఈటన్ నది దగ్గరకు వెళ్లారు. గంగ ప్రధాన ప్రవాహం తూర్పుకు జరిగి పద్మతో కలిసింది. అక్కడ కొత్తగా ఒండ్రు నేలలు తేలాయి, నిండా అడవి. మొఘలుల అధికారులు ఆ అడవుల్లో భూములు ఇనాంగా ఇచ్చారు. షరతు ఏమిటంటే అడవి కొట్టించి సాగులోకి తేవాలి, ఆ ఆదాయంతో మసీదో దర్గానో నడపాలి. చిట్టగాంగ్ కలెక్టరేట్ రికార్డు గదిలో ఆ సనదులు, అంటే ఇనాం పత్రాలు, ఆయన స్వయంగా చూశారు. అడవి కొట్టించినవాడు, చెరువు తవ్వించినవాడు, వరి నాటించినవాడు కాలక్రమంలో పీరు అయ్యాడు. మొఘలులకు ముందే, 1459లో చనిపోయిన ఖాన్ జహాన్ అలీని బాగేర్‌హాట్ జనం ఇప్పటికీ అలాగే తలుచుకుంటారు. ఇస్లాం అక్కడ నాగలితో, వరితో కలిసి నెమ్మదిగా వచ్చింది. ఒక రోజు లేచి మతం మారడం కాదది, తరాల తరబడి జరిగిన పని.

మా డెల్టాలో అలా జరగలేదు. కాటన్ కాలానికి ఇక్కడ గుళ్లున్నాయి, అగ్రహారాలున్నాయి, శతాబ్దాల వ్యవసాయం ఉంది. దొర ఇచ్చిన నీళ్లు పాత దేవుళ్ల పొలాల్లోకే పారాయి. కానీ నీళ్లిచ్చినవాళ్ల మీద జనానికుండే కృతజ్ఞత రెండు డెల్టాల్లోనూ ఒకటే. ఈ పోలిక ఈటన్ది కాదు, నాది. మా గోదావరివాళ్లు దీన్ని చదవకుండానే అర్థం చేసుకోగలరని నా నమ్మకం.

కడియం నర్సరీలు దాటి కాలవ గట్టు వెంట వెళ్తుంటే రెండు వైపులా దాళ్వా చేలు పచ్చగా ఉన్నాయి. పెద్దమ్మకు బీజాపూర్ పాటల సంగతి చెప్పాను. అక్కడి సూఫీలు దక్కనీ భాషలో ఆడవాళ్ల కోసం చిన్న చిన్న పాటలు కట్టారు. తిరగలి తిప్పుతూ పాడుకునే చక్కీనామా, రాట్నం వడుకుతూ పాడుకునే చర్ఖానామా. తిరగలి పిడిని చూపించి అలిఫ్ అక్షరం అంటారు, అదే అల్లా అంటారు. ఇరుసును ప్రవక్త అంటారు. పెద్ద గ్రంథాల్లోని తత్వం జనంలోకి వెళ్లలేదు, ఈ పాటలు వెళ్లాయి, ఆడవాళ్లు పనిచేస్తూ పాడితే ఒడిలోని పిల్లలు విన్నారు అంటారు ఈటన్. ఒక చరిత్రకారుడు సుల్తానుల ఫర్మానాలతో సమానంగా తిరగలి పాటలను సాక్ష్యంగా తీసుకోవడం నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పనుల్లో ఒకటి. పెద్దమ్మ శ్రద్ధగా విని, "మా అమ్మా అంతే. పెసలు విసురుతూ రామాయణం పాడేది. నాకు రామాయణం వచ్చింది ఆ పాటల్లోంచే, ఏ శాస్త్రిగారూ చెప్పలేదు" అంది. తర్వాత రామచంద్రపురం వచ్చేదాకా ఆ పాటలు ఒక్కొక్కటీ తీసి పాడింది. మధ్యలో మరిచిపోయిన చరణాల దగ్గర ఆగి, వేళ్లతో తొడ మీద తాళం వేసుకుంటూ వెతుక్కుంది. నేను ఫోన్‌లో రికార్డు చేశాను.

దర్గాలో ఊదు పొగ, మల్లెపూల వాసన. పెద్దమ్మ తలమీద కొంగు కప్పుకుని చాదర్‌ను దర్గా చూసుకునే ముజావర్ గారి చేతికిచ్చింది. ఆయన ఫాతెహా చదివి, నెమలి ఈకల కట్ట ఆవిడ తలకు తాకించి, "పాప పేరేం పెట్టారమ్మా?" అని అడిగారు. చక్కెర పంచారు. నేను ఒక పక్కన కూర్చుని వచ్చినవాళ్లతో మాట కలిపాను. కోనసీమ నుంచి బిడ్డకు జ్వరం తగ్గిందని వచ్చిన తల్లి, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ముసలాయన, ప్రతి గురువారం మొదటి బేరానికి ముందు వచ్చి వెళ్లే ఆటో అబ్బాయి. హిందువులెవరో ముస్లింలెవరో వాళ్లు చెబితే తప్ప తెలియలేదు. ఈ ఔలియాకూ ఇక్కడి శైవమఠం పెద్దకూ మహిమల్లో పోటీ జరిగిందని ఒక కథ ఉంది. బీజాపూర్‌లో ఇలాంటి కథలను ఈటన్ ఎలా చదివారో నాకు గుర్తుంది. కథలో జరిగిందని చెప్పే కాలం వేరు, కథ రాసుకున్న కాలం వేరు. రాసుకున్నవాళ్లకు అప్పుడు ఏం కావాలో కథ చెబుతుంది. పోటీ కథ చెప్పుకునే ఊళ్లోనే మా పెద్దమ్మ చాదర్ కప్పిన చేత్తో వెళ్లి భీమేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టింది. నాకు ఇది కూడా సాక్ష్యమే.

భీమేశ్వరాలయంలో రద్దీ. రెండంతస్తుల లింగాన్ని పై నుంచి దర్శించుకున్నాం. శ్రీనాథుడు పాడిన గుడి, రాళ్ల నిండా వందల శాసనాలు. వాటి గురించి వేరే రాయాలి.

రాత్రి బసలో పెద్దమ్మను మా ఇళ్లల్లోవాళ్ల పేర్ల గురించి అడిగాను. ఆవిడదీ మొక్కు పేరే. మా వైపు కుటుంబాల్లో మస్తానమ్మలు, పీరయ్యలు, నాగూరులు ఉన్నారు. అందరూ హిందువులే, పిల్లలు బతకాలని దర్గాలో మొక్కుకుని పెట్టిన పేర్లు. ఈటన్ పంజాబ్‌లో, పాక్‌పట్టన్ బాబా ఫరీద్ దర్గాను నమ్ముకున్న జాట్ తెగల వంశవృక్షాలు తీసి, తరం తరానికీ ముస్లిం పేర్లు ఎంత పెరిగాయో లెక్కగట్టారు. సియాల్ తెగలో 1400 ప్రాంతంలో చాలా తక్కువగా ఉన్న ఆ పేర్లు, పందొమ్మిదో శతాబ్దం మొదటికి అందరివీ అయ్యాయి. అంటే నాలుగు వందల ఏళ్లు పట్టింది. మా ఇళ్లల్లో అలాంటి పేర్లు వచ్చాయి, మతం రాలేదు. పైగా ఈ తరం పిల్లల్లో ఆ పేర్లు కనబడటం లేదు. మొక్కులు ఉన్నాయి, మొక్కు పేర్లు పోయాయి. ఎందుకో నాకు తెలుసుకోవాలని ఉంది.

పిఠాపురంలో పెద్దమ్మ పాదగయలో స్నానం, అమ్మవారి దర్శనం చేసుకున్నాక సూఫీ పీఠానికి వెళ్లాం. ఇక్కడి ఉమర్ ఆలీషా కవి 1885లో పుట్టి 1945లో పోయారు. పద్యాలు, నాటకాలు రాశారు. ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. కేంద్ర శాసనసభలో సభ్యుడిగా ఉన్నారు. సూఫీ మార్గాన్నీ వేదాంతాన్నీ ఒక్కచోట పెట్టి తెలుగులో బోధించారు. బీజాపూర్ సూఫీలు దక్కనీలో తిరగలి పాటలు కట్టిన పనినే ఈయన మన భాషలో, సీసాల్లో, కందాల్లో చేశారని నేను అంటాను. ఆయన శిష్యపరంపరలో ఎక్కువమంది హిందువులు. మతం మారమని వాళ్లను ఎవరూ అడగలేదు.

తిరిగి వస్తూ ఒక నిర్ణయం తీసుకున్నాను. మా కాలేజీ పిల్లలను వేసవి సెలవుల్లో వాళ్ల వాళ్ల ఊళ్లలోని దర్గాలకు, పీర్ల చావిళ్లకు పంపి మొక్కులూ పేర్లూ రాయించాలని. ముజావర్ల ఇళ్లలో పాత ఇనాం కాగితాలుంటే, వాళ్లు ఇష్టపడితేనే, ఫొటో తీయించాలని. కార్లోనే ప్రశ్నలు రాసుకున్నాను: ఎవరు వచ్చారు, ఏ ఊరు, ఏం పని చేస్తారు, ఏం మొక్కు, ఇంట్లో మొక్కు పేర్లు ఎవరికున్నాయి. పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఆలోచించి, "మొక్కు తీరకపోయినా మళ్లీ వచ్చారేమో అడగమను. అలా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు" అంది. ఆ ప్రశ్నను పైకి జరిపి, మొదటిదిగా రాసుకున్నాను.