ఏడు రోడ్ల ఊరిలో విదేశీ భోజనం

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు పోయిన నెలలో వారం రోజుల సెలవు మీద కడపకు వచ్చింది. వచ్చిన మరునాడే "మామా, ఈ ఊర్లో కారం దోసె కాకుండా తినేదానికి ఇంకేముంది?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది. అయితే ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటూ, కొత్తగా వెలసిన కేఫులలో గానీ, అరబ్బీ భోజనశాలలలో గానీ నేను ఒక్కసారైనా కూర్చోలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. ఆ వారమంతా సాయంత్రం కాగానే ఇద్దరం బండి మీద బయలుదేరేవాళ్లం.

మొదట వెళ్లింది ఎర్రముక్కపల్లి వైపు ఉన్న ఒక కేఫుకు. అక్కడి కాపుచినో నూటయాభై రూపాయలు. పైన నురుగు మీద ఆకు బొమ్మ ఉంది గాని, నాలుకకు వేడి తగలలేదు. చల్లారిన కాఫీ ఇచ్చారని నేను పిలవబోతుంటే మా అమ్మాయి ఆపింది. ఆ పాలను అరవై, అరవై అయిదు డిగ్రీల దగ్గరే ఆపాలట. అంతకు మించి కాగితే పాలలోని తీపి పోయి, నురుగు గరుకుగా మారుతుందట. పొగలు కక్కే ఫిల్టరు కాఫీని ఊదుకుంటూ తాగి పెరిగిన నాకు ఆ న్యాయం అర్థమైంది గాని రుచించలేదు.

అక్కడ నా దృష్టి కాఫీ కంటే ఎక్కువగా బల్ల మీదకు పోయింది. బెంగళూరులో తాను వెళ్లే కేఫులో నున్నటి నల్లరాతి బల్లలు ఉంటాయనీ, అవి ఎంతో అందంగా ఉంటాయనీ మా అమ్మాయి చెబుతూ ఫోనులో ఫొటో చూపించింది. చూడగానే తెలిసిపోయింది, అవి మన కడప బండలే. మా వంటింట్లో అమ్మ పిండి కలిపే గట్టు ఆ బండే, పెరట్లో బట్టలు ఉతికే చోట పరిచినదీ ఆ బండే. కడపలోని కేఫులో మాత్రం చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ రేకు అంటించిన బల్లలు వేశారు. నిమ్మకాయ, పుదీనా, సోడా కలిపి మొజీటో అని పెద్ద గ్లాసులో ఇచ్చినది బాగానే ఉంది. క్యూబాలో దానికి ప్రాణమైన రమ్మును తీసేస్తే మిగిలేది మన నిమ్మకాయ సోడాయే కదా. అదే సోడాలో నన్నారి వేరు షర్బత్తు పోసి ఇచ్చే బండి కేఫు ఎదుటే ఉంది. ఎండాకాలంలో నా ఓటు ఆ వేరుకే.

మూడో రోజు మండీ తినాలన్నది. ఇంట్లో ఆ మాట చెప్పగానే అమ్మ "టమోటా మండీలో బువ్వ ఎవరు పెడతార్రా?" అన్నది. మదనపల్లె వైపు చుట్టాలున్న మాకు మండీ అంటే వేలంపాట జరిగే చోటు మాత్రమే మరి. ఈ మండీ యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతపు వంట. నేలలో తవ్విన పొయ్యిలో అడుగున బియ్యపు పాత్రను ఉంచి, దాని పైన మాంసాన్ని వేలాడదీసి, గాలి చొరబడకుండా మూసివేస్తే, మాంసపు రసం బొట్టు బొట్టుగా అన్నంలోకి దిగుతుంది. తడి అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి ఈ పేరు వచ్చిందంటారు. నిజాం సైన్యంలో పని చేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర స్థిరపడ్డారు. వాళ్ల బ్యారక్సే కాలక్రమంలో బార్కస్ అయింది, మండీ తెలుగు ఊళ్లకు పాకింది కూడా అక్కడి నుంచే. మేము వెళ్లిన చోట నేలలో పొయ్యి లేదు. "మాది గ్యాసు పొయ్యే సార్, కోడిని విడిగా వేయించి పైన పెడతాం" అని వడ్డించే అబ్బాయి దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీ నచ్చింది. అన్నం కూడా బాగుంది, బిర్యానీలాగా మసాలా మీద పడకుండా తేలికగా ఉంది.

అసలు ఇబ్బంది పళ్లెంతో వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం. ఎంగిలి అనే మాట వింటూ పెరిగిన చెయ్యి ఒకరు కలుపుకున్న అన్నంలోకి అంత సులభంగా పోదు. నేను మధ్యలో పొలం గట్టులాగా అన్నాన్ని ఎత్తి రెండు మళ్లు చేశాను. పక్కన తివాచీ మీద ఒక ముస్లిం కుటుంబం, ముసలాయన మొదలు మూడేళ్ల పిల్ల వరకు, ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, మంచి ముక్కలను ఆ పిల్ల వైపుకే జరుపుతూ తింటున్నారు. పెద్ద దర్గా ఉన్న ఈ ఊరికి ఇలా కూర్చుని తినడం కొత్త కాదు, కొత్త నాకే. కాసేపటికి మా గట్టు తెగిపోయింది, నేను మళ్లీ కట్టలేదు.

మిగతావాటి గురించి ఎక్కువగా చెప్పేదేమీ లేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం బండ్ల మీద దొరికే గోబీ మంచూరియాకు చైనాలోని మంచూరియా ప్రాంతంతో సంబంధం లేదు. ఆ పేరున్న కోడి వంటకాన్ని 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు మొదట చేశాడంటారు. మోమో, షవర్మా, పిజ్జా అని మూడు పేర్లతో మూడు చోట్ల తిన్నవాటి మీద ఒకే తెల్లటి మయొనైజ్, ఒకే ఎర్రటి సాసు పోశారు. కళ్లు మూసుకుని తింటే ఏది ఏ దేశానిదో చెప్పలేము.

ఆరో రోజు మైదుకూరు దగ్గర మా పెదనాన్న కొడుకు చేనికి వెళ్లాము. అక్కడ పండే కె.పి. ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి, చిన్నదిగా, విపరీతమైన ఘాటుతో ఉంటుంది. మన ఇళ్లలో దానిని పెద్దగా వాడరు. అది మలేసియా, సింగపూర్ వంటి దేశాలకు ఓడ ఎక్కే పంట. 2020లో కేంద్రం ఉల్లి ఎగుమతులను నిషేధించినప్పుడు ఇక్కడ కొనే దిక్కు లేక రైతులు ఆందోళన చేస్తే, ఆ అక్టోబరులో పది వేల టన్నుల కె.పి. ఉల్లిని చెన్నై రేవు నుంచి పంపడానికి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. అన్న రెండు కిలోలు సంచిలో పోసి ఇస్తూ "తినలేరు, చూడండి" అని నవ్వాడు.

మామూలు ఎర్రగడ్డలకు బదులు వాటినే ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పుతో కలిపి అమ్మ దోసె మీదికి ఎర్రకారం నూరింది. నూరుతున్నంతసేపూ ఇల్లంతా కళ్లు తుడుచుకున్నాము. మా అమ్మాయి వేలితో నాకి చూసి, కాసేపు ఆగి, "మామా, ఇది సంబల్" అన్నది. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద కౌలాలంపూర్ వెళ్లినప్పుడు ప్రతి ఉదయం నాసీ లెమాక్ తిన్నదట: కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లి నూరి చేసిన సంబల్, వేయించిన సన్న చేపలు, వేయించిన చెనక్కాయ గింజలు, కీరా ముక్కలు, ఉడికించిన గుడ్డు. సంబల్‌లో ఎండు రొయ్యల ముద్ద కూడా పడుతుంది, నూనెలో మగ్గిస్తారు కూడా. కానీ నాలుక మీద మొదట తగిలే దెబ్బ ఇదేనన్నది. వారమంతా తిరిగిన చోట్ల మలేసియా పేరు ఎక్కడా కనిపించలేదు. మన ఉల్లి వెళ్లే దేశపు తిండి మన ఊరికి రాలేదు.

ఆ రాత్రి దోసెలు మానేసి, ఎర్రకారాన్ని నూనెలో మగ్గించి, చెనక్కాయ గింజలు వేయించి, గుడ్లు ఉడకబెట్టి, కీరా కోసి, ఆమె చెప్పినట్టే పళ్లేలు సర్దాము. కర్నూలు సోనాను కొబ్బరిపాలలో వండడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు.