పాస్నెట్ అయ్యగారు

మంగళవారం.

పొద్దున్నే కరెంటు పోయి, మోటారు నడవక, నానబెట్టిన బట్టలన్నీ బకెట్లోనే ఉండిపోయాయి. పదకొండింటికి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, ఆఫీసు వాళ్లతో మెదక్ వస్తున్నా, చర్చి నువ్వే చూపించాలె" అన్నాడు. మెదక్‌లో ఉన్నవాళ్లకు ఇది మామూలే. చుట్టాలు రావడం, చర్చి చూపించడం, భోజనం పెట్టి పంపడం.

వచ్చిన వాళ్లు ముందు గోపురం ఎత్తే అడిగారు. 175 అడుగులు అని చెప్పాను. లోపల ఎంతమంది పడతారంటే ఐదు వేల మంది అంటారని చెప్పాను. ఎవరు కట్టించారని నేను అడిగితే, వాళ్లలో ఒకాయన "బ్రిటిష్ ప్రభుత్వమే కదండీ" అన్నాడు. అది మనసుకు బాగా తగిలింది.

అప్పుడు మెదక్ నిజాం రాజ్యంలో ఉండేది. ఈ చర్చి కట్టించింది ప్రభుత్వం కాదు, వెస్లియన్ మెథడిస్టు (ఇంగ్లండులో పుట్టిన ఒక ప్రొటెస్టెంట్ శాఖ) బోధకుడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అయ్యగారు. మొదట సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనికుల మధ్య సేవ చేసి, 1890ల చివర్లో మెదక్ వచ్చారు. గుర్రం మీద వచ్చారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు బస్సులో రెండు గంటల పైచిలుకు పడుతుంది. ఆ రోజుల్లో ఎంత ప్రయాణమో!

ఆయన విషయంలో నాకు ఎక్కువ నచ్చేది ఆయన ఇక్కడే ఉండిపోవడం. మెథడిస్టు పద్ధతిలో బోధకులను కొన్నేళ్లకోసారి ఒక సర్క్యూట్ (కొన్ని సంఘాలు కలిసిన ప్రాంతం) నుంచి ఇంకో సర్క్యూట్‌కు మారుస్తుంటారు. పాస్నెట్ అయ్యగారు మాత్రం తన వయసులో మంచి కాలమంతా ఈ ప్రాంతానికే ఇచ్చేశారు. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరైన ఎమిలియా పాస్నెట్ కూడా ఇక్కడికొచ్చి ఆడవాళ్ల మధ్య పనిచేశారు. ఆ తరంలో సువార్త విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషుల ఇంటి ముందు ఒక దొర వచ్చి కూర్చోవడమంటే, వాళ్లకు అదెంత పెద్ద సంగతో మనకు ఇప్పుడు సరిగ్గా అర్థం కాదు.

కట్టడం 1914లో మొదలైంది. కరువు రోజులు. జనం తిండికి అల్లాడుతుంటే, ఊరికే పంచిపెట్టడం కాకుండా పని చూపించి కడుపు నింపాలని ఆయన అనుకున్నారంటారు. మా నానమ్మ ఎప్పుడూ ఈ మాటే చెప్పేది. వాళ్లమ్మ గంపతో సున్నం మోసిందట. సాయంత్రం పొయ్యి వెలిగేది ఆ పని వల్లేనట. పదేళ్లు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్ల పండుగకు నేనూ వెళ్లాను. ఆ గుంపులో నిలబడి నానమ్మనే తలుచుకున్నాను.

ఇవాళ లోపల ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి చూడమన్నాను వాళ్లని. బూడిదరంగు రాయి, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. తర్వాత రంగుటద్దాల కిటికీల దగ్గర నిలబెట్టాను. బయటి నుంచి చూస్తే నల్లగా, మసకగా ఉంటాయి. లోపలికొచ్చి చూస్తేనే ఎండకు ఆ నీలాలూ ఎరుపులూ బయటపడతాయి. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో పెట్టారు, జననం 1947లో, సిలువ 1958లో. మూడు కిటికీలు పూర్తవడానికి ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట. పొద్దుగూకితే ఏమీ కనిపించదు. అందుకే వచ్చినవాళ్లను త్వరగా లోపలికి రమ్మంటాను.

"మరి బోర్డు మీద మెథడిస్టు అని లేదే?" అని ఇంకొకాయన అడిగాడు. మంచి ప్రశ్న. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ శాఖ), మెథడిస్టు సంఘాలు, మరికొన్ని కలిసి దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడింది. బ్రిటిష్ మిషన్ వల్ల ఏర్పడిన మా సంఘం అందులో కలిసింది. అమెరికా మిషన్ వల్ల ఏర్పడిన మెథడిస్టు సంఘాలు కలవలేదు. అందుకే హైదరాబాద్‌లో మెథడిస్టు చర్చిలు ఇప్పటికీ వేరుగా ఉన్నాయి. ఈ తేడా మనవాళ్లకే చాలామందికి తెలియదు.

పాస్నెట్ అయ్యగారి పేరైనా పుస్తకాల్లో ఉంది. ఆయనతో ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన తెలుగు బోధకులు, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలు, రాళ్లు చెక్కినవాళ్లు, వాళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టారు? పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఇళ్లల్లో గుర్తున్నవైనా ఇప్పుడే రాసుకోవాలని నాకు గట్టిగా ఉంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రిలో అడుగుతాను. ఎవరింటి ముత్తవ్వ, ఎవరింటి ముత్తాత ఆ పనికి వెళ్లారో, ముందు ఒక నోటుబుక్కులో రాద్దామని.

తమ్ముడు వెళ్తూ మళ్లీ వస్తానన్నాడు. ఈసారి గుడ్ ఫ్రైడేకి రా, ఖాళీగా ఉన్నప్పుడు కాదు, జనం పాడుతున్నప్పుడు చూడాలి అన్నాను. రాత్రికి ఉండిపోవచ్చు, చాపలూ దుప్పట్లూ కావలసినన్ని ఉన్నాయి.