ఆ దెబ్బలే

ఆదివారం, రాత్రి పదిన్నర

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. డాక్టర్ డిప్రెషన్ మాత్రల డోసు తగ్గించారట. గొంతు కాస్త తేలికపడింది. పెట్టేసే ముందు ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "అక్కా, ఇద్దరం ఆ దెబ్బలే తిన్నాం కదా, నాకే ఎందుకిలా అయింది?" ఏదో సర్దిచెప్పాను. తర్వాత మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

దీనికి ఒకప్పుడు నా దగ్గర జవాబుండేది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2003లో కాస్పి, మొఫిట్ అనే పరిశోధకుల బృందం అందులోంచి ఒక సంగతి బయటపెట్టింది. సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు పొట్టి రకమైతే, చిన్నప్పుడు హింస పడ్డవాళ్ళు పెద్దయ్యాక డిప్రెషన్‌లో పడే అవకాశం ఎక్కువట. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రెండు కాపీలూ పొడుగువైతే ఆ తేడా కనబడలేదట. చదివిన రోజు ఎంత హాయిగా అనిపించిందో! వాడిది పొట్టిది, నాది పొడుగుది, అంతే. (ఇద్దరం ఏ పరీక్షా చేయించుకోలేదు, అది వేరే సంగతి.)

ఆ లెక్క నిలవలేదు. 2009లో 14 అధ్యయనాలు కలిపి చూస్తే ఆ జన్యువు ప్రభావం తేలలేదు. జీవితంలో పడ్డ కష్టాల ప్రభావం మాత్రం గట్టిగానే తేలింది. 2019లో లక్షలమంది వివరాలతో చూసినా అలాంటి పేరుమోసిన జన్యువులేవీ నిలబడలేదు. డిప్రెషన్ వెనక ఒక్క జన్యువు లేదు, తలా పిసరంత పనిచేసేవి వందలకొద్దీ ఉన్నాయి. వారసత్వం వాటా ఉంది, కవలల అధ్యయనాల్లో సుమారు 37 శాతం అని వచ్చింది. అయితే అది జనంలో మనిషికీ మనిషికీ ఉండే తేడా గురించిన లెక్క. మా తమ్ముడి బాధలో ఎంత రక్తానిది, ఎంత బెల్టుది అని విడదీసి చెప్పదు.

చొక్కా మడతపెడుతూ ఆలోచించింది మాత్రం ఇది కాదు. జన్యువు మాట నాకెందుకంత నచ్చిందా అని. అది నిజమైతే దెబ్బలు లెక్కపెట్టే పని ఉండదు.

ఇద్దరం ఆ దెబ్బలే తినలేదు. నాన్న అడుగుల చప్పుడు వినగానే నేను మంచం కిందకి దూరేదాన్ని. అప్పుడు నాకు పదకొండేళ్ళు, వాడికి ఆరు. అక్కడి నుంచి వాడి కాళ్ళు కనబడేవి.