నవ్వితే మోకాళ్లు వదిలేసేవి

అన్నయ్య ఏదో జోక్ వేశాడు. గొప్ప జోకేమీ కాదు. పగలబడి నవ్వబోయాను. దవడ జారింది, మెడ వాలింది, మోకాళ్లు వదిలేశాయి. చేతిలోని గ్లాసు కిందపడి దొర్లుకుంటూ వెళ్లిన చప్పుడు వినిపించింది. "స్పృహ తప్పింది, నీళ్లు చల్లండి" అని అమ్మ కంగారుపడటమూ వినిపించింది. తప్పలేదమ్మా అని చెప్పాలనుంది కానీ నాలుక కదల్లేదు. నిమిషం తర్వాత ఏమీ జరగనట్టు లేచి కూర్చున్నాను.

అప్పటికి రెండేళ్లుగా పగటినిద్రతో సతమతమవుతున్నాను. రాత్రి ఎంతసేపు పడుకున్నా అంతే. మీటింగ్‌లో రాసుకుంటూనే నిద్రలోకి జారేదాన్ని, చెయ్యి మాత్రం రాస్తూనే ఉండేది. తర్వాత చూసుకుంటే ఆఖరి లైన్లు కోడిగీతలు. ఓసారి "తలుపుకి పడవ కట్టాలి" అని రాసి ఉంది! బద్ధకం అన్నారు, ఫోన్ తగ్గించమన్నారు. ఒక డాక్టర్ రక్తహీనత అన్నారు, ఇంకొకరు డిప్రెషన్ అన్నారు, కూలిపోవడం చూసి మూర్ఛ అన్నవాళ్లూ ఉన్నారు.

నాలుగో డాక్టర్ మాత్రం నేను కూర్చోగానే, "నవ్వొచ్చినప్పుడు ఒళ్లు పట్టు తప్పుతుందా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది.

రాత్రంతా తలకి వైర్లు పెట్టి పరీక్ష చేశారు. మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి, ఐదుసార్లు, చీకటి గదిలో పడుకోమన్నారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపడితే అనుమానించాలట. నాకు 3 నిమిషాలు పట్టింది. అందులో నాలుగుసార్లు పడుకున్న కాసేపటికే కలలొచ్చే రెమ్ నిద్రలోకి వెళ్లిపోయాను. మామూలుగా ఆ దశ రావడానికి గంటో గంటన్నరో పడుతుంది. జబ్బు పేరు నార్కోలెప్సీ, కూలిపోవడాన్ని కాటాప్లెక్సీ అంటారు.

మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో పదుల వేల కణాలు ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. దాన్ని కనిపెట్టింది 1998లోనే. మనల్ని మెలకువగా ఉంచే నోరడ్రినలిన్, హిస్టమిన్, సెరటోనిన్ లాంటివాటిని నిలకడగా పనిచేయించేది అదే. నా రకం జబ్బులో ఆ కణాలు చాలావరకు పోతాయి. ఇక నిద్రకీ మెలకువకీ మధ్య తలుపు గడియ ఊడినట్టే, ఏ గాలికైనా కొట్టుకుంటుంది. కలలో పరుగెత్తకుండా రెమ్ నిద్రలో కండరాలు చచ్చుబడతాయి కదా, నాకు అదే మెలకువలో, అదీ నవ్వినప్పుడు జరుగుతోంది.

మరి ఆ గ్లాసు చప్పుడు ఎలా వినిపించింది? నేను ఎక్కువగా ఆలోచించింది దీని గురించే. ఈ జబ్బున్న కుక్కల మెదడు కణాలను పరిశీలించినప్పుడు, అవి కూలిపోయే సమయంలో నోరడ్రినలిన్ కణాలు మూగబోయాయి, హిస్టమిన్ కణాలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. ఒళ్లు పడిపోయినా తెలివి నిలబడేది అందుకే కావచ్చు. కొన్ని జలుబు మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది ఆ హిస్టమిన్‌ని అడ్డుకోవడం వల్లే. అంతకుముందు నేను కప్పుల కొద్దీ తాగిన కాఫీ నిద్రమత్తు తెచ్చే అడినోసిన్‌ని అడ్డుకోగలదు గానీ, పోయిన ఒరెక్సిన్‌ని తెచ్చిపెట్టలేదుగా!

ఇప్పుడు పొద్దున మెలకువకి మోడాఫినిల్, కాటాప్లెక్సీకి వెన్లాఫాక్సిన్ వేసుకుంటున్నాను. మధ్యాహ్నం అలారం పెట్టుకుని 20 నిమిషాలు కునుకు తీస్తాను. ఊరికి వెళ్తూ రెండో మందు మర్చిపోతే ఆ రెండు రోజులూ గోడ పట్టుకుని తిరిగాను. జబ్బు నయం కాలేదు, అదుపులో ఉంది.

నిజానికి నిద్ర కంటే ఎక్కువ బాధపెట్టింది నవ్వు ఆపుకోవడం. ఎవరైనా సరదాగా మాట్లాడితే లేచి వెళ్లిపోయేదాన్ని, పొగరనుకునేవారు. ఇప్పుడు వెళ్లడం లేదు. అన్నయ్య మాత్రం ఇంకా "కూర్చో, ఒక జోకుంది" అనే మొదలుపెడతాడు. అలా చెప్పి వేస్తే నవ్వెలా వస్తుందిరా అని తిడుతుంటాను.