59వ మీటరు

"ఒరేయ్, బంగారం తవ్వే ఉద్యోగమటగా, పెళ్ళికి ఓ గొలుసైనా తేవా?" అని మా పెద్దమ్మ ఫోన్‌లో అడుగుతుంటుంది. ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీకి జియాలజిస్టుగా వచ్చి మూడేళ్ళయింది. బంగారాన్ని కంటితో చూసింది రెండుసార్లే, అదీ ఆవగింజలో సగం.

పెర్త్‌కు తూర్పున 600 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఈ ఊరు. 1893లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన ప్యాడీ హానన్‌కు నేల మీదే అది కనిపించింది. ఇప్పుడు ఆ సుఖం లేదు. చాలాచోట్ల పైన యాభై అరవై మీటర్లు వరకు రాయి మెత్తబడి ఎర్రమట్టీ, తెల్లబంకా అయిపోయింది. దాని కింద ఏముందో తెలియాలంటే బోరు వేయాల్సిందే. కిందున్నవి దాదాపు 270 కోట్ల ఏళ్ళనాటి గ్రీన్‌స్టోన్ రాళ్ళు, అంటే పచ్చబారిన పాత లావా రాళ్ళు. చదువుకునే రోజుల్లో అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలో నేను సుత్తితో కొట్టిన రాళ్ళ లాంటివే. మొదటిరోజు ఆ పచ్చటి నల్లరాయి చేతిలోకి తీసుకోగానే, నాకు పరాయి దేశంలో ఉన్నట్టనిపించలేదు. ఈగలు మాత్రం కచ్చితంగా పరాయి దేశానివే. ముఖానికి వల కట్టుకోకపోతే మాట్లాడేటప్పుడు నోట్లోకే వస్తాయి.

రెండు వారాలు క్యాంపులో పని, ఒక వారం ఇల్లు. బోరు వేయడానికి ముందు ఆ నేల మూలవాసుల పెద్దలతో హెరిటేజ్ సర్వే అవుతుంది, వాళ్ళకు ముఖ్యమైన చోట్లు ఏవో చూడటానికి. వాళ్ళు వద్దన్న చోట రిగ్గు, అంటే బోరు వేసే యంత్రం, దిగదు. డ్రిల్లింగ్ మొదలయ్యాక గాలి ఒత్తిడికి మీటరుకో బస్తా రాతిపొడి పైకి వస్తుంది. అందులోంచి రెండు మూడు కిలోలు నంబరున్న గుడ్డసంచిలోకి పోయి ల్యాబుకు వెళ్తాయి. నేను మిగిలిన పొడిలో గుప్పెడు జల్లెడలో వేసి, బకెట్లో ముంచి కడుగుతాను. బూడిద బురద పోయి చిన్న చిన్న పలుకులు మిగులుతాయి. నల్లవి బసాల్ట్ అనే లావా రాయి, తెల్లగా మెరిసేవి పలుగురాయి, ఇత్తడిలా పసుపుగా మెరిసేవి ఇనుము, గంధకం కలిసిన పైరైట్. ఆ పలుకులే ఇరవై గళ్ళ ప్లాస్టిక్ ట్రేలో మీటరుకో గడి చొప్పున పెడతాం.

కొత్తలో నా వల్ల ఓ పొరపాటు జరిగింది. ప్రతి 20వ సంచిలో రాతిపొడి కాకుండా, బంగారం అసలే లేదని తెలిసిన పొడి పెట్టాలి. ల్యాబు తప్పులు, మన తప్పులు పట్టుకోవడానికి. 42 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నం మూడింటికి, అలా పెట్టాల్సిన ఓ సంచిలో బోరులోంచి వచ్చిన రాతిపొడే నింపేశాను. ఆపై నంబర్లన్నీ ఒకటి జరిగిపోయాయి.

మూడు వారాల తర్వాత ఫలితాలొచ్చాయి. ఏ సంచిలో ఏముందో నేను రాసిన షీటు ప్రకారం, బంగారం లేని పొడి ఉండాల్సిన సంచికి టన్నుకు 4 గ్రాముల బంగారం! నేల పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్ పిట్ గనికి టన్నుకు గ్రామున్నర ఉన్నా పని జరుగుతుంది మరి. తీరా చూస్తే ట్రేలో పలుగురాయి, పైరైట్ నిండుగా ఉన్న 59వ మీటరుకు సున్నా. మా సీనియర్ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి, "బంగారం పలుగులో లేదు, నీ షీటులో ఉంది" అన్నాడు. రాత్రంతా టెన్షన్. మర్నాడు రిగ్గు పక్కనే ఉన్న పెద్ద బస్తాల్లోంచి 58, 59 మీటర్లు మళ్ళీ తీసి పంపాం. బంగారం తన చోటికి తను వచ్చి కూర్చుంది. నా గౌరవం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

రాగి, జింకు వెతకడం ఇంకా తిక్క పని. భూమి మీద తుప్పు పట్టిన ఇనుపరాయి కనిపిస్తుంది. మామూలు లేటరైటో (ఎర్ర జేగురురాయి), కింద సల్ఫైడ్ (గంధకంతో కలిసిన లోహ ఖనిజం) ఉన్న గుర్తో తేల్చాలి. జింకు వానలకు ఏనాడో కొట్టుకుపోయి ఉంటుంది, అందుకని పైన తక్కువ వచ్చిందని వదిలేయకూడదు. పగలగొట్టిన రాయిలో తేనెతుట్టెలా ఖాళీ గూళ్ళు కనిపిస్తే, సల్ఫైడ్ కరిగిపోయిన ఆనవాళ్ళని నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది.

ఆ 59వ మీటరు పక్కన, 40 మీటర్ల దూరంలో ఇంకో బోరు వేశాం. పలుగురాయి ఉంది, పైరైటూ ఉంది, బంగారం లేదు. ఆ ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏంరా, దొరికిందా?"

"రాళ్ళు దొరికాయి పెద్దమ్మా."