ఒక బెల్టు, మూడు నడుములు

మా స్కౌట్ ట్రూపులో బెల్టులు తక్కువ, నడుములు ఎక్కువ. మన పాత స్కౌట్ల సమావేశం సంచికకి ఏదైనా రాయమనగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే.

శనివారం సాయంత్రం గ్రౌండులో ఇన్‌స్పెక్షన్. ‘సావధాన్’ అనగానే బిగుసుకుపోయేవాళ్లం. స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ నిక్కరు, బెరెట్ టోపీ, మెడలో స్కార్ఫ్, నడుముకి బకిల్ బెల్టు. వీటిలో ఏది తగ్గినా మాస్టారు లైను బయటికి పొమ్మనేవారు. సముద్రపు గాలికి బకిల్ వారానికే మసకబారేది, చింతపండు పెట్టి తోమి తోమి వేళ్లు పులిసిపోయేవి.

ట్రూపులోని చిన్న జట్టుని పెట్రోల్ అంటారు. మా పెట్రోల్‌లో జలారిపేట కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ల నాన్న వేటకెళ్లి చేపలు తెస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది, ఇక బెల్టెక్కడిది? మిగతా పెట్రోళ్లలోనూ అలాంటివాళ్లు ఒక్కొక్కరున్నారు. అందుకని మాస్టారు మొదటి పెట్రోల్ చూసి రెండోదానికి కదలగానే, ఒకే బెల్టు వీపుల వెనకనుంచి చేతులు మారుతూ మూడోదాకా వెళ్లిపోయేది. నెలన్నర నడిచింది ఈ దొంగ రవాణా. ఒక శనివారం ఆయన మొదటివాడి బకిల్ మూల మీద సుద్దముక్కతో చుక్క పెట్టారట, మేం చూసుకోలేదు. మూడో పెట్రోల్ దగ్గర వంగి, ఆ చుక్క మీద వేలు పెట్టి, ‘ఈ బెల్టుకి కాళ్లున్నాయిరా’ అన్నారు. గ్రౌండంతా నవ్వింది, నేనూ నవ్వాను.

కానీ ఆ ముగ్గురి పేర్లూ క్యాంపు లిస్టులోంచి కొట్టేశారు. ‘ఏటిరా, ముడులు చేత్తో కదా వేస్తాం, బెల్టుతోనా?’ అన్నాడు మా జలారిపేటవాడు. రీఫ్ నాట్ అనే ముడి కళ్లు మూసుకుని వేసేవాడు వాడు. తర్వాతి శనివారం నుంచి రాలేదు. పెట్రోల్ లీడర్ని నేనే, వెళ్లి పిలవాల్సింది. వెళ్లలేదు.

యూనిఫాం వద్దని అనను. సింహాచలం గిరిప్రదక్షిణ రోజు హనుమంతవాక దగ్గర మంచినీళ్ల డ్యూటీ చేసినవాళ్లకి తెలుస్తుంది, 32 కిలోమీటర్లు నడిచే ఆ జనంలో తప్పిపోయిన పిల్లాణ్ణి ఎవరికి అప్పజెప్పాలో తెలియని తల్లి స్కార్ఫ్ చూసే కదా మన దగ్గరికొస్తుంది. అక్కడ స్కార్ఫ్ జేబులో కుక్కుకుంటే నేనైనా తిడతాను. మాసిన చొక్కా, పెరిగిన గోళ్లు, నలిగిన స్కార్ఫ్, వీటికి కూడా తిట్టొచ్చు, అవి మన చేతిలో పనులు. బెల్టూ బూట్లూ అలా కాదు, అవి నాన్న జేబులో పనులు.

1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో, స్కౌటింగ్ మొదలెట్టిన బేడెన్ పావెల్ పెట్టిన మొదటి క్యాంపులో ఇరవై మంది దాకా పిల్లలుంటే, కొందరు పెద్దింటి పిల్లలు చదివే బడుల నుంచి, కొందరు కూలీల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. స్కౌటు మనసు పనిలో ఉంటే యూనిఫాం ఉన్నా లేకపోయినా తనకి పట్టదని ఆయనే రాశారు. కొనుక్కోగలిగినవాడు వేసుకోకుండా ఉండడని ఆ వెంటనే అన్నారనుకోండి, అదీ నిజమే.

మాస్టారి మీద కోపం లేదు, కట్లు కట్టడం నేర్పింది ఆయనే. పేర్లు కొట్టేసే ముందు ‘బెల్టు ఎందుకు లేదు’ అని ఒక్క మాట అడిగుంటే బాగుండేది, అంతే.

ఇప్పుడు ఆదివారాలు నేనూ ఒక ట్రూపుకి సాయం చేస్తున్నాను. అక్కడ ఒక పాత ట్రంకుపెట్టె పెట్టాం, చిన్నవైపోయిన చొక్కాలు, బూట్లు, బెల్టులు అందులో వేస్తారు. ఇన్‌స్పెక్షన్‌కి పావుగంట ముందు పెట్టె తెరుస్తాం, ఎవరు ఏం తీశారో రాసుకోం. ఆ తర్వాత మాత్రం బకిల్ మెరవకపోతే ఊరుకోను.

మన సమావేశానికి వచ్చేవాళ్లు అటకమీదవి దులిపి తెండి, పెట్టెలో వేద్దాం. అన్నట్టు ఆ కాళ్లున్న బెల్టు చివరికి ఎవరింట్లో ఆగిపోయింది? నా దగ్గరైతే లేదు.